ఆఫీసులు తెరిచారు, బస్సులు ఆపారు: 2020లో అది న్యాయమేనా?

నాచారం నివాసి:
మొన్న మా కాలనీ గ్రూపులో ఒకాయన రాశారు, కరోనా టైమ్‌లో సిటీ బస్సులు ఆపడం వల్లే హైదరాబాద్ బతికిపోయిందని. ఆయన ఇంటి ముందు రెండు కార్లుంటాయి. నాకు ఆ మాట మింగుడు పడలేదు. మీరేమంటారో చూద్దామని ఇక్కడ పెడుతున్నా.

మార్చి 22న జనతా కర్ఫ్యూతో అన్నీ ఆగిపోయాయి. దాని మీద నాకు పేచీ లేదు, అప్పుడు అందరూ ఇంట్లోనే. నా పేచీ మే నెల నుంచి. మే 6న వైన్ షాపులు తెరిచారు. మే 19న జిల్లా బస్సులు కదిలాయి, సిటీలో ఆటోలు, క్యాబులు వచ్చాయి, దుకాణాలు రోజు మార్చి రోజు తెరిచారు. మే 25న విమానాలు మొదలయ్యాయి. జూన్ 8న మాల్స్, గుళ్లు. మెట్రో సెప్టెంబర్ 7న. సిటీ బస్సు సెప్టెంబర్ 25న, అదీ నాలుగో వంతు బండ్లతో. విమానం ఎక్కేవాళ్ల కంటే బస్సెక్కేవాళ్లు సరిగ్గా నాలుగు నెలలు ఎక్కువ ఆగారు.

మా అక్క అబిడ్స్‌లో ఒక బట్టల షాపులో పనిచేసేది. షాపు తెరిచిన రోజే ఓనర్ ఫోన్, వస్తావా లేక వేరేవాళ్లను చూసుకోమంటావా అని. నెల పాస్ మీద తిరిగిన మనిషి రోజూ ఆటోకు పెట్టాలంటే జీతంలో ఏం మిగులుతుంది? షాపు తెరవొచ్చని చెప్పినవాళ్లకు, అందులో పనిచేసేవాళ్లు ఎలా వస్తారన్న ఆలోచన రాలేదా?

వార్డ్ డ్యూటీ:
అన్నా, మీ అక్కగారి కష్టం నిజమే. కానీ ఆ రోజుల్లో కోవిడ్ వార్డులో డ్యూటీ చేసినవాడిగా చెబుతున్నా. జూలైలో బెడ్ కోసం జనం ఎలా తిరిగారో కళ్లారా చూశాను. పొద్దున తొమ్మిదింటికి 218 నంబర్ సిటీ బస్సు ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో వేలాడేవాళ్లు, ఆ జనంలోంచే కండక్టర్ దూరుకుంటూ ప్రతి ఒక్కరి దగ్గరా నోటు తీసుకుని చిల్లర ఇవ్వాలి. నాలుగో వంతు బస్సులు వేస్తే జనం కూడా నాలుగో వంతే వస్తారా? ఉన్న బస్సు మీదే ఎగబడతారు. అప్పటికి వ్యాక్సిన్ లేదు. నన్నడిగితే నేనూ ఆపమనే చెప్పేవాణ్ణి.

ఉప్పల్ కుర్రోడు:
బస్సులు లేకుండానే జూలైలో కేసులు అన్ని వచ్చాయి కదా సార్. మరి బస్సు ఆపి ఆపిందేంటి?

వార్డ్ డ్యూటీ:
ఉంటే ఇంకెన్ని వచ్చేవో అనేది కదా ప్రశ్న, తమ్మీ.

ఉప్పల్ కుర్రోడు:
సరే, బస్సు లేనప్పుడు జనం ఎలా వెళ్లారో చెప్తా. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర షేర్ ఆటో. రూల్ ప్రకారం డ్రైవర్ కాక ఇద్దరే. పోలీసులు కనిపించే చోట ఇద్దరు, సిగ్నల్ దాటాక ఐదుగురు. డ్రైవర్ వెనక ఒక ప్లాస్టిక్ షీట్ కట్టి ఉండేది, అది గాలికి ఎగిరి మన మొహానికే తగిలేది. మోకాళ్లు మోకాళ్లకు తగులుతుంటే ఏం దూరం పాటిస్తాం? బస్సులో అయితే కనీసం కిటికీ ఉంటుంది, లెక్కపెట్టి ఎక్కించడానికి ఒక మనిషి ఉంటాడు. మీరు రద్దీని ఆపలేదు సార్, లెక్కలోకి రాని చోటికి పంపించారు.

ఇంకోటి. ఢిల్లీలో మే 19 నుంచే బస్సులు నడిచాయి, బస్సుకు 20 మందే. బెంగళూరులోనూ అదే రోజు మొదలుపెట్టారు, మొదట్లో టికెట్లు కొట్టకుండా పాసుల మీదే. మీరన్న నోట్లు, చిల్లర సమస్యకు వాళ్లకు దారి దొరికింది. మనకెందుకు దొరకలేదు?

వార్డ్ డ్యూటీ:
చెన్నైలో సెప్టెంబర్ 1 దాకా బస్సుల్లేవు, అదెందుకు చెప్పరు? ముంబైలో లోకల్ రైళ్లు జూన్‌లో అత్యవసర సిబ్బందికే ఇచ్చారు, మామూలు జనానికి 2021 ఫిబ్రవరి 1న. ఎవరి భయం వాళ్లది. ఇప్పుడు కూర్చుని తప్పు పట్టడం సులువే.

కండక్టర్ గారి అబ్బాయి:
నాన్న ఆర్టీసీలో కండక్టర్, ఇప్పుడు రిటైర్ అయ్యారు. మీరంతా ఎక్కేవాళ్ల గురించి మాట్లాడుతున్నారు, నడిపేవాళ్లను అప్పుడూ ఎవరూ అడగలేదు. 2019 అక్టోబర్, నవంబర్ నెలల్లో సమ్మె. దాని అప్పులు తీరకముందే లాక్‌డౌన్. బస్సు తిరగాలని మాకూ ఉండేది, తిరిగితేనే సంస్థకు డబ్బు. కానీ నాన్నకు షుగర్, బీపీ. సెకండ్ వేవ్‌లో ఆయనతో డ్యూటీ చేసినవాళ్లు పోయారు. కాబట్టి 20 మందినే ఎక్కించాలి అన్నంత తేలిక కాదు. ఇరవై ఒకటో మనిషి డ్యూటీకి లేటవుతుందని బతిమాలుతుంటే దిగమని చెప్పాల్సింది కండక్టరే. తిట్లు తినేది కూడా ఆయనే.

అలాగని ఆపడం కరెక్టని కాదు. సిబ్బందికి ముందు రక్షణ చూసి, తర్వాత నడపాల్సింది. ఆ వరుసలో ఎవరూ ఆలోచించలేదు.

లింగంపల్లి లోకల్:
అందరూ బస్సు దగ్గరే ఆగిపోయారు. ఎంఎంటీఎస్, అదే మన సిటీ లోకల్ రైలు, దాని మాటేమిటి? మెట్రో 2020 సెప్టెంబర్‌లో వచ్చింది. ఎంఎంటీఎస్ 2021 జూన్ 23న! మెట్రో అంటే తలుపులు మూసి ఏసీ వేసిన పెట్టె, ఎంఎంటీఎస్‌కు కిటికీలన్నీ బార్లా తెరిచి ఉంటాయి. గాలి ఆడే చోట ప్రమాదం తక్కువని అప్పటికి పేపర్లన్నీ రాస్తున్నాయి. మరి ఏసీది ముందు తెరిచి, గాలి ఆడేది ఇంకో తొమ్మిది నెలలు ఎందుకు మూసి ఉంచారు? ఎంఎంటీఎస్‌లో ఐదు, పది రూపాయలతో పోయేవాళ్లం, మెట్రోలో అప్పుడు పది దగ్గరే మొదలయ్యేది. మెట్రో ఎలాగూ ఫలక్‌నుమా వైపు రాదు. రైల్వే కేంద్రానిది, బస్సు రాష్ట్రానిది అంటారు. ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవాడికి ఆ తేడా దేనికి?

వార్డ్ డ్యూటీ:
ఎంఎంటీఎస్ విషయంలో నా దగ్గర జవాబు లేదు, దాన్ని నేను సమర్థించను. బస్సుల మీద నా మాట నాదే.

నాచారం నివాసి:
సార్, 2021 కూడా చూడండి. మే 12 నుంచి రెండో లాక్‌డౌన్, పొద్దున 6 నుంచి 10 వరకే సడలింపు. బస్సులూ మెట్రో ఆ నాలుగు గంటల్లోనే. మీ ఆస్పత్రుల్లో ఆయాలు, వార్డు బాయ్‌లు మధ్యాహ్నం షిఫ్టు దిగి ఇంటికెలా వెళ్లారు? ఐడీ కార్డు చూపిస్తే పోలీసులు వదిలేవారు, కానీ ఎక్కడానికి ఏముంది? బండి ఉన్నవాడికి ఆ కార్డు పనికొచ్చింది.

వార్డ్ డ్యూటీ:
మా దగ్గర కొందరు ఆస్పత్రిలోనే పడుకున్నారు. కొందరిని మేమే బండి వెనక ఎక్కించుకుని దింపాం. అదే పద్ధతి అని నేననను. కానీ దానికి మందు అందరికీ బస్సులు వదలడం కాదు, అలాంటివాళ్లకు ప్రత్యేకంగా బస్సులు వేయాలి.

ఉప్పల్ కుర్రోడు:
ఆస్పత్రి వాళ్లకు వేస్తారు, మరి నాచారం అన్న వాళ్ల అక్కకు? అపార్ట్‌మెంట్లలో పనిచేసే ఆడవాళ్లకు, సెక్యూరిటీ గార్డులకు? వాళ్లకు ఐడీ కార్డే ఉండదు. లిస్టు ఎవరు రాసినా ఇలాంటివాళ్ల పేర్లు రావు.

నాచారం నివాసి:
నాది ఒక్కటే డిమాండ్. మళ్లీ ఇలాంటిది వస్తే, పనిచోట్లు తెరిచే జీవోలోనే బస్సులు ఎప్పటి నుంచి, ఎన్ని, ఏ రూట్లలో అని రాయాలి. బస్సులు ఇవ్వలేకపోతే ఓనర్లే బండి పెట్టాలని రాయాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీలు క్యాబులు పెట్టగా లేనిది, అబిడ్స్ షాపు వాళ్లు పదిమందికి ఒక వ్యాన్ పెట్టలేరా?

కండక్టర్ గారి అబ్బాయి:
పెట్టరు అన్నా. ఆ పదిమందిలో ఆరుగురిని తీసేస్తారు.