పక్షవాతం వచ్చిన తొలి నెలల్లో రోబోతో నడక చికిత్స అవసరమా?

కృష్ణాతీరం:
మా నాన్నగారికి పక్షవాతం వచ్చిన ఐదో వారంలో, నడుముకు బెల్టులు కట్టి ట్రెడ్‌మిల్ మీద నిలబెట్టి కాళ్లను తానే కదిలించే రోబో యంత్రం వాడాలని ఆసుపత్రివారు చెబితే, అప్పు చేసి మరీ డబ్బు కట్టాము. బ్రిటన్‌లో 770 మందిపై జరిపిన రాటుల్స్ పరీక్షలో రోబో చికిత్స మామూలు చికిత్సను మించలేదని 2019లోనే లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. అయినా దీన్ని ఎందుకు అంటగడుతున్నారు?

ఫిజియో హనుమకొండ:
ఆ పరీక్ష చేతికి సంబంధించినది, నడకకు కాదు. పైగా అందులో స్ట్రోక్ వచ్చి వారమే అయినవారి నుంచి ఐదేళ్లయినవారి వరకు ఉన్నారు. నడకపై 62 పరీక్షలను పరిశీలించిన 2020 నాటి కోక్రేన్ (వైద్య పరిశోధనల ఫలితాలను కలిపి చూసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష ప్రకారం, ఫిజియోథెరపీతో కలిపి యంత్రాన్ని వాడితే సొంతంగా నడవగలిగే అవకాశం పెరుగుతుంది. ఆ మేలు ఎక్కువగా మొదటి మూడు నెలల్లో, ఇంకా నడవలేని స్థితిలో ఉన్నవారికే కనిపిస్తుంది.

కృష్ణాతీరం:
చేయి వేరు, కాలు వేరు అని తప్పించుకోకండి. రోబో ఎక్కడైనా రోబోయే.

వేపచెట్టు:
చేయీ కాలూ ఒకటే అయితే చేతులతోనే నడిచేవాళ్లం కదండీ.

నల్లమల:
తొందరపడి కదిలిస్తే నష్టమని 2015లో అవర్ట్ పరీక్ష తేల్చింది కదా?

ఫిజియో హనుమకొండ:
అది మొదటి 24 గంటల్లోనే రోగిని లేపి ఎక్కువగా కదిలించడం గురించి. ఇక్కడ మాట్లాడుతున్నది ఐదో వారం! ఎనభై కిలోల మనిషిని నడిపించాలంటే ఇద్దరం చెరోవైపు కూర్చుని పాదాలు ఎత్తిపెట్టాలి, మరొకరు నడుము పట్టుకోవాలి; పావుగంటకే మా నడుములు పడిపోతాయి. యంత్రానికి ఆ అలసట లేదు. ఆ పని ఒక్కరోజైనా చేయనివారు తీర్పులు చెప్పడం తేలిక.

కృష్ణాతీరం:
మీ నడుము నొప్పికి మా నాన్నగారు బాధ్యులా? యంత్రం ఎక్కించిన రోజు నుంచి ఫిజియోథెరపిస్టు ఆయన మంచం దగ్గరకు రావడమే మానేశారు. మంచం మీంచి కుర్చీలోకి ఎలా మారాలో ఈ రోజుకీ ఆయనకు ఎవరూ నేర్పలేదు.

ఫిజియో హనుమకొండ:
ఈ మాట మొదటే చెప్పవలసింది. సమీక్షలో ఉన్నది ఫిజియోథెరపీతో కలిపి అని, దానికి బదులుగా అని కాదు. రోజుకు ఎన్ని నిమిషాలు మనిషి చేత చికిత్స చేయిస్తారో రాసివ్వమని అడగండి.

కృష్ణాతీరం:
అడిగాను. ప్యాకేజీలో అది లేదన్నారు.