‘ఉసూరుమన్నాం’ అంటే ‘నిరాశపడ్డాం’ అనేనా?

గుంటూరులో ఇంటర్ కలిసి చదివినవాళ్ళం నలుగురం మొన్న బ్రాడీపేటలో కూర్చుంటే 1994 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ మాట వచ్చింది. ఇంటికొచ్చి ఆ రాత్రి గురించి రాసుకున్నాను. ‘అందరం ఉసూరుమన్నాం’ అన్నచోట మా అమ్మాయి కొట్టేసి ‘తీవ్ర నిరాశకు గురయ్యాం’ అని దిద్దింది. అర్థం ఒకటేగా నాన్నా అంటుంది. ఒకటి కాదని నాకు తెలుసు, ఎందుకు కాదో చెప్పలేకపోయాను.

ఆట అమెరికాలో జులై 17 మధ్యాహ్నం. మనకు అర్ధరాత్రి దాటి ఒంటిగంట. బ్రెజిల్ మీద ఇటలీ. మేం ఇటలీ వైపు, అంటే వాళ్ళ ఆటగాడు బాజియో వైపు. ‘బాగియో’ అనేవాళ్ళం, అదే నోటికి పట్టింది. నాకౌట్‌లో ఇటలీ కొట్టిన 6 గోల్స్‌లో 5 ఆయనవే. నైజీరియాతో ఓడిపోయి ఇంటికెళ్ళాల్సిన జట్టును 88వ నిమిషంలో గోలు కొట్టి నిలబెట్టాడు. ఫైనల్లో 120 నిమిషాలు ఆడినా గోలు లేదు. పెనాల్టీల్లో ఇటలీ తరఫున బరేసి పైకి కొట్టాడు, మస్సారో కొట్టింది గోల్‌కీపరు ఆపేశాడు. బాజియో వచ్చేసరికి బ్రెజిల్ 3, ఇటలీ 2. ఇది పడితేనే ఆట మిగులుతుంది. బంతి బారు మీదుగా వెళ్ళిపోయింది. నడుం మీద చేతులు పెట్టుకుని తలొంచుకుని నిలబడ్డాడాయన.

అక్కడ మేం చేసిన పనికి ‘నిరాశ’ సరిపోతుందా?

జవాబు, విజయవాడ నుంచి:
సరిపోదండీ. ‘ఉసురు’ అంటే ప్రాణం. ఉసురు తీశాడంటాం, ఉసురు తగులుతుందంటాం. కన్నడంలో ‘ఉసిరు’ అంటే ఊపిరి, తమిళంలో ‘ఉయిర్’ అంటే ప్రాణం. నిరాశ మనసులో ఉండే సంగతి. ఉసూరుమనడం ఒంట్లోంచి ఊపిరి దిగిపోవడం. ముందు ఊపిరి బిగబట్టినవాడే ఉసూరుమంటాడు. ఆశ లేనివాడికి ఆ అవకాశం లేదు. పదిమంది కలిసీ ఉసూరుమనొచ్చు. ‘గురయ్యాం’ అన్నారంటే అది ఎవరి ఒంటికీ తగలదు, దస్తావేజు భాష.

జవాబు, తెనాలి నుంచి:
మేడమ్, చిన్న సవరణ. భోరుమను, ఘొల్లుమను, కస్సుమను, గుప్పుమను... ఈ ‘మను’ చేరేవాటిలో చాలావరకు చప్పుడు మాటలే. ఇది కూడా నిట్టూర్పు చప్పుడేమో. ఉసురు వేరు, ఉసూరు వేరు కావచ్చు. ఆ దీర్ఘం చూడండి, నిట్టూర్పు ఎంతసేపు సాగుతుందో అంతసేపూ సాగుతుంది.

జవాబు, విజయవాడ నుంచి:
కాదనను. అయితే ఊపిరికి చప్పుడుంది కదండీ. ‘ఉస్సురు’ అనే రూపం కూడా ఉంది. రెండూ ఒకచోటే కలుస్తాయనిపిస్తుంది.

మళ్ళీ నేను:
ఇద్దరికీ నమస్కారం. మీ మాటలు చదువుతుంటే ఆ రాత్రిలో ఇంకొకటి గుర్తొచ్చింది. మేం భోరుమనలేదు, ఘొల్లుమననూ లేదు. అద్దెకున్న ఇంటివాళ్ళ హాల్లో చూస్తున్నాం, టీవీ సౌండు పూర్తిగా తగ్గించి, లైటు కూడా ఆపేసి. తొమ్మిదిమందిమి. ఆ బంతి పైకి పోయాక ఒక్కరం కూడా మాటన్నది ఆడలేదు. మూడున్నరైంది. పక్కగదిలో పడుకున్న ఇంటివాళ్ళ మామ్మగారు లేచొచ్చారు. పెనాల్టీలప్పుడు మేం గుసగుసలాడుకున్నా లేవని మనిషి. గుమ్మంలో నిలబడి, ‘ఏరా, ఎవరిదన్నా కబురొచ్చిందా?’ అన్నారు.

మా అమ్మాయికి ఇది చెప్పాను. తను కొట్టేసిన మాటను తనే మళ్ళీ రాసింది.