నైట్ షిఫ్ట్ క్యాబ్‌లో లాస్ట్ డ్రాప్ నాదే, ఏం చేయాలి?

నిజాంపేట_పిల్ల:
అక్కలూ, గచ్చిబౌలిలో ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. షిఫ్ట్ రాత్రి ఒకటిన్నరకి అయిపోతుంది. కంపెనీ క్యాబ్‌లో ముగ్గురం ఎక్కుతాం, మిగతా ఇద్దరూ కొండాపూర్‌లోనే దిగిపోతారు, అక్కడి నుంచి నిజాంపేట దాకా నేనూ డ్రైవరూ అంతే. మొన్న మంగళవారం అతను మియాపూర్ మీదుగా కాకుండా ఇంకెటో తిప్పాడు. అడిగితే "అటు రోడ్డు తవ్వేశారు మేడం" అన్నాడు. నిజమే అయ్యుండొచ్చు, కానీ ఆ పావుగంట నాకు ఊపిరాడలేదు. ఇంట్లో చెబితే మానేసి వచ్చెయ్యమంటారని చెప్పలేదు. పెప్పర్ స్ప్రే కొనుక్కోవాలా, కరాటే నేర్చుకోవాలా? మా టీమ్ లీడ్ అయితే "క్యాబ్ వద్దులే, నా కార్లో దింపుతా" అంటున్నారు, అదే నయమేమో అనిపిస్తోంది.

కేపీహెచ్‌బీ_అక్క:
స్ప్రే కొనుక్కో, కానీ బ్యాగులో టిఫిన్ బాక్సు కింద పెట్టుకుంటే దండగ. నేను ఆరేళ్ళు నైట్స్ చేశానమ్మా. నీ సమస్య రూటుది కాదు, రోస్టర్‌ది. ఆడపిల్ల లాస్ట్ డ్రాప్ అయితే బండిలో గార్డ్ ఉండాలని మా కంపెనీలో రూల్, మీ దగ్గరా ఉండే ఉంటుంది, ఖర్చని ఎగ్గొడుతుంటారు. ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌కి ఫోన్ చేయకు, మెయిల్ పెట్టి మేనేజర్‌ని కాపీలో పెట్టు. ఫోన్‌లో అయితే "చూస్తాం మేడం" అనేసి మర్చిపోతారు, రాతలో ఉంటే భయపడతారు. ఎక్కే ముందు బండి నంబర్ ఫోటో తీసి, లైవ్ లొకేషన్ ఒకరికి పంపు, ఆ ఒకరు మేలుకుని ఉండే మనిషై ఉండాలి. వెనక డోర్ లోపల్నుంచి తెరుచుకుంటుందో లేదో కూర్చోగానే చూసుకో, చైల్డ్ లాక్ వేసి ఉంటే తీయించు. తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ కూడా ఉంది, 2024లో తెచ్చారు, నువ్వు ఇల్లు చేరేదాకా ప్రయాణాన్ని గమనిస్తారు.

సూటిగా_మాట్లాడతా:
అర్ధరాత్రి ఉద్యోగాలెందుకండీ ఆడపిల్లలకి? డే షిఫ్ట్ అడగమనండి, గొడవ వదిలిపోతుంది.

కేపీహెచ్‌బీ_అక్క:
రేపు రాత్రి రెండింటికి మీ నాన్నగారిని ఆస్పత్రికి తీసుకెళ్తే నర్సు ఇంటికెళ్ళి పడుకుంది అంటే ఒప్పుకుంటారా బాబూ?

నల్లకోటు:
ఇక్కడ అందరూ డ్రైవర్ గురించే మాట్లాడుతున్నారు, నాకు టీమ్ లీడ్ మాట దగ్గర ఆగాలనిపించింది. ఆయన మంచివాడే కావచ్చు, నేను నింద వేయడం లేదు. కానీ జాతీయ నేర గణాంకాల్లో ఏటా కనిపించేది ఒకటే, నమోదైన అత్యాచార కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితులకి తెలిసినవాళ్ళే. దారి మారిస్తే భయపడతాం, తెలిసిన మనిషి గీత దాటుతుంటే మొహమాటపడతాం. ఇంకో సంగతి, పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టంలో కంపెనీ ఇచ్చే బండి కూడా పని చేసే చోటు కిందికే వస్తుంది. అంటే క్యాబ్‌లో వెకిలి వేషాలేసినా ఇలాంటి ఫిర్యాదులు వినడానికి ఆఫీసులో ఉండే అంతర్గత కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు, మూడు నెలల్లోపు, రాతపూర్వకంగా. పోలీసు స్టేషన్‌లో "మా పరిధి కాదు" అంటే వినక్కర్లేదు, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా కేసు రాయాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. 2019లో శంషాబాద్ దగ్గర దిశ ఘటనలో ఆ కుటుంబాన్ని పరిధి పేరుతోనే తిప్పారు, తర్వాత ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు.

నిజాంపేట_పిల్ల:
మెయిల్ పెట్టాను, నిన్నటి నుంచి గార్డ్ వస్తున్నాడు, కాస్త టెన్షన్ తగ్గింది. మా అక్కకి మాత్రం చెప్పాను, లొకేషన్ తనకే పంపుతున్నా. టీమ్ లీడ్ విషయం... రాత్రిళ్ళు "ఏం చేస్తున్నావ్, నిద్ర రావట్లేదా" అని మెసేజ్‌లు వస్తుంటాయి. విసుగొచ్చి కొన్ని డిలీట్ చేసేశాను.

నల్లకోటు:
మిగిలినవి డిలీట్ చేయకమ్మా. తేదీ, టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి మీ అక్కకి ఇప్పుడే పంపు. "పని విషయాలు ఆఫీసు టైమ్‌లో, ఆఫీసు మెయిల్‌లోనే మాట్లాడదాం సార్" అని ఒక్క మెసేజ్ పెట్టు. దానికి ఆయన ఏమన్నాడో వచ్చి రాయి, కమిటీకి ఏం రాయాలో అప్పుడు చూద్దాం.