పసిపిల్లల్ని చూసి నేర్చుకునేది నిజంగా ఉందా, మనమే కల్పించుకుంటున్నామా?

గుండ్లకమ్మ:
తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సులో తలుపు ఎప్పుడు తీస్తారా అని కూర్చున్నవారికి పిల్లల ఆటలు చూడడం తప్ప వేరే పని ఏముంటుంది? మొన్న మా పక్కన ఒక తమిళ కుటుంబం, ముందు వరుసలో కర్నూలు వాళ్లు. రెండు ఇళ్ల పిల్లలూ ఒక ప్లాస్టిక్ ఈల కోసం జుట్లు పట్టుకున్నారు. పాలు పంచేవారు వచ్చి వెళ్లేసరికి పక్కపక్కనే కూర్చుని అదే ఈలను వంతులవారీగా ఊదుతున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. పొలం గట్టు తగాదాలో మా అన్నయ్యతో మాట మానేసినవాణ్ని నేను. సిగ్గేసింది. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తన 24 మంది గురువులను యదుమహారాజుకు చెబుతూ, మానావమానాలు పట్టవని పసిబాలుణ్ని కూడా వారిలో చేర్చాడు. బస్సులోనో గుడిలోనో పిల్లల్ని కాసేపు గమనిస్తే చాలు, బతకడం తెలుస్తుందని నా వాదన. కాదనేవారు చెప్పండి.

తర్కప్రియ:
కాదంటాను. అవధూత మాటను సగంలో ఆపకండి. ఆ వెంటనే వచ్చే శ్లోకంలో చింత లేనివారు ఇద్దరే అంటాడు: ఏమీ తెలియని బాలుడు, గుణాలను దాటినవాడు. మొదటివాడికి చింత అంటే ఏమిటో తెలియదు, రెండోవాడు తెలిసి వదిలాడు. మనం ఈ ఇద్దరికీ మధ్యలో ఉన్నాం, వెనక్కి నడిచి బాలుడు కావడం కుదరదు. ఇంకో మాట. ఆ పిల్లలు అంత త్వరగా రాజీపడ్డారంటే, ఈలకు పట్టాదారు పాసు పుస్తకం లేదు కాబట్టి.

లెక్కల మాస్టారు:
నడక నేర్చే పిల్లల్ని అమెరికాలో కారెన్ అడాల్ఫ్ బృందం లెక్కగట్టింది. 2012లో అచ్చయింది. 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటూ గంటకు సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. గంటకు! మా పదో తరగతి పిల్లవాడు ఒక లెక్క రెండుసార్లు తప్పితే పుస్తకం మూసేస్తాడు. ఇందులో కల్పన ఎక్కడుంది?

తర్కప్రియ:
మాస్టారూ, పడితే అయ్యే ఖర్చు కూడా లెక్క వేయండి. రెండున్నర అడుగుల ఎత్తు, పది కిలోల బరువు. పడినా పెద్ద దెబ్బ తగలదు, పడ్డాడని ఎవరూ వెక్కిరించరు, ఎత్తుకోవడానికి అమ్మ ఉంది. గ్రూప్స్ పరీక్ష మళ్లీ పోయి, హాస్టల్ అద్దె బాకీ పడిన ముప్పై ఏళ్లవాడికి పసివాణ్ని చూసి నేర్చుకోమని చెప్పి చూడండి! మీ పదో తరగతివాడికి పట్టుదల లేక కాదు, తప్పు చేస్తే క్లాసులో ఏమవుతుందో తెలిసే పుస్తకం మూస్తున్నాడు.

అంగన్‌వాడీ టీచరమ్మ:
అందరూ పిల్లల్ని దూరం నుంచి చూసినవారిలాగే మాట్లాడుతున్నారు. పగ ఉండదని ఎవరన్నారు? నిన్న తనను కొరికినవాడి పక్కన ఇవాళ కూర్చోనని భీష్మించే పిల్ల మా కేంద్రంలో ఉంది. కొత్తగా చేరిన మూడేళ్లవాడికి కంటికి కనబడిన ప్రతి బొమ్మా తనదే.

నేను చూడమనేది వేరొకటి. గట్టి దెబ్బ తగిలితే తప్ప పసివాడు పడగానే ఏడవడు. తల ఎత్తి అమ్మ ముఖం వెతుకుతాడు. ఆమె అయ్యో అని గుండెలు బాదుకుంటే రాగం అందుకుంటాడు, ఏమీ కాలేదు లెమ్మంటే చేతులు దులుపుకుంటాడు. 1985లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఏడాది పిల్లల్ని గాజుపలక పరిచిన బల్ల మీద పాకనిచ్చారు. సగం దూరం వెళ్లాక గాజు కింద లోయలాంటిది కనబడుతుంది. అవతల తల్లి నవ్వుముఖంతో నిలబడితే 19 మందిలో 14 మంది దాటారు. భయపడిన ముఖం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. మనం వాళ్లలో పాఠాలు వెతుకుతుంటే వాళ్లు మన ముఖంలో వెతుకుతున్నారన్నమాట. అందుకే బస్టాండులో పసివాణ్ని చూసేవారు పక్కనున్న పెద్దలను కూడా చూడాలి. గుండ్లకమ్మ గారూ, మీరు పాల గ్లాసు అందుకుంటున్నప్పుడు ఆ ఈల దగ్గర ఏ తల్లో కలగజేసుకునే ఉంటుంది.

ఇద్దరి అమ్మ:
మా పెద్దవాడికి ఆటిజం. బస్సు హారన్ మోగితే చెవులు మూసుకుని కేకలు పెడతాడు. చూసేవారికి అదీ పాఠమే, గారాబం చేస్తే ఇంతే అంటారు. నవ్వే పిల్లల్లో నీతి వెతికే కళ్లే మా వాడి మీద తీర్పు చెబుతాయి. చూడవద్దని అనను. ఫోను తీసి వీడియో మాత్రం తీయకండి, దానికి జీవితసత్యం అని పేరు పెట్టి నలుగురికీ పంపకండి. వీలైతే కాస్త జరిగి సీటు ఇవ్వండి.

లెక్కల మాస్టారు:
వీడియో మాట ఒప్పుకుంటాను. ఖర్చు విషయంలో తర్కప్రియ గారు నా వైపే వాదించారు. తప్పుకు ఖర్చు లేనప్పుడు పసివాడు అన్నిసార్లు లేస్తున్నాడంటే, ఆ ఖర్చు తగ్గించాల్సింది నా క్లాసులోనే. రఫ్ పుస్తకంలో తప్పులకు తిట్లుండవని రేపే చెబుతాను. ఇది పిల్లల్ని చూసి నేర్చుకున్నది కాదా?

తర్కప్రియ:
పిల్లల్ని లెక్కగట్టినవారి దగ్గర నేర్చుకున్నది. పార్కు బెంచీ మీద కూర్చుని ముద్దొస్తున్నాడని మురిసిపోయేవారికి ఆ 17 కనబడదు. గుండ్లకమ్మ గారూ, టీచరమ్మ గారి మాటకు మీ జవాబు రాలేదు. ఇంతకీ గట్టు సంగతి ఏమైంది?

గుండ్లకమ్మ:
తల్లి కలగజేసుకుందేమో, నేను గమనించలేదు. పిల్లలు పుట్టుకతో మంచివాళ్లా కాదా అన్నది నాకు అనవసరం. గట్టు అక్కడే ఉంది, పాసు పుస్తకం అన్నయ్య పేరునే ఉంది. సర్వేయరు వచ్చినప్పుడు వస్తాడు. ఆయన మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని ఫోనులో అడగడానికి సర్వే నంబరుతో పనేమిటి?