డ్రైన్ బోల్ట్ తీసేసి వాల్వ్ బిగించడం: లీకులు, సైజులు, అడుగున మిగిలే ఆయిల్

నాలుగుచక్రాలు:
ఇంజన్ ఆయిల్ సొంతంగా మార్చుకునేవాళ్లకు ఒక ప్రశ్న. పాత ఆయిల్ దించడానికి విప్పే డ్రైన్ బోల్ట్ ఉన్నచోట మీట తిప్పి తెరిచే వాల్వ్ పెడదామనుకుంటున్నాను. పెట్రోలు కారు, అల్యూమినియం సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి). బోల్ట్ సంప్ అడుగున కాకుండా పక్క గోడకు, బండి వెనకవైపుకు ఉంది. ఫిల్టర్‌తో కలిపి 3.6 లీటర్లు పడుతుంది. దారిలో రాయి తగిలి మీట తెరుచుకుంటే ఇంజన్ గతేమిటి? ఆయిల్ మార్చేటప్పుడు వాల్వ్ గుండా పాతది మొత్తం దిగుతుందా? సైజు సంగతి ఎలా, డబ్బా మీద ఫలానా కారుకు సరిపోతుందని రాసి ఉంటే చాలా?

పానా_14:
చివరి ప్రశ్నతో మొదలుపెడతానండీ, సంప్ పాడయ్యేది అక్కడే. డబ్బా మీద రాసింది చూసి కొనకండి. కారు పేరు ఒకటే అయినా ఇంజన్ మారితే బోల్ట్ మారుతుంది. మాన్యువల్‌లో సైజు లేకపోతే ఈసారి ఆయిల్ దించినప్పుడు పాత బోల్ట్‌నే కొలవండి. కావలసినవి రెండు కొలతలు: మర బయటి వ్యాసం, ఒక మరకూ పక్క మరకూ మధ్య దూరం, అంటే పిచ్. టయోటా, నిస్సాన్‌లలో ఎక్కువగా కనిపించేది ఎం12 (అంటే మర వ్యాసం 12 మిల్లీమీటర్లు), 1.25 పిచ్. హోండా, హ్యుందాయ్‌లలో ఎక్కువగా ఎం14, 1.5 పిచ్. ఎక్కువగా అన్నానే గానీ అన్నిటికీ అనలేదు.

ఎం12లోనే 1.25, 1.5, 1.75 పిచ్‌లు ఉన్నాయి. ఊరికే చూస్తే తేడా తెలియదు. పిచ్ గేజ్ లేకపోతే స్కేలు పెట్టి 8 మరల పొడవు చూడండి. 10 మిల్లీమీటర్లు వస్తే 1.25, 12 వస్తే 1.5. తప్పు పిచ్ వాల్వ్ కూడా ఒకటి రెండు చుట్లు తిరుగుతుంది, ఆ తర్వాత బిగుసుకుంటుంది. తుప్పు పట్టిందేమో అనుకుని పానా వేశారా, అల్యూమినియం మర చీరుకుపోతుంది. సరైన వాల్వ్ చివరిదాకా చేతివేళ్లతోనే ఎక్కాలి.

ఇక మీట. జపాన్ ఫుమోటో తరహా బాల్ వాల్వ్‌లో మీట గాడిలో కూర్చుని ఉంటుంది. స్ప్రింగుకు ఎదురు లేపితే గానీ పావు చుట్టు తిరగదు. రాయి ఆ రెండు పనులూ వరుసగా చేయడం కష్టమే. అయినా మీటకు క్లిప్ పెట్టండి, లేదా ప్లాస్టిక్ టై ఒకటి చుట్టండి. జర్మనీ స్టాల్‌బస్ తరహాలో మీటే ఉండదు. మూత విప్పి, గొట్టం ఉన్న కనెక్టర్‌ను మరలో బిగిస్తే లోపలి స్ప్రింగ్ సీల్ వెనక్కి జరిగి ఆయిల్ వస్తుంది. కనెక్టర్ తీయగానే మూసుకుంటుంది. మీట భయం తగ్గనివాళ్లకు అదే నయం.

సంప్‌కింద_చూడు:
మీట సరే, నన్నడిగితే అసలు చూడాల్సింది వాల్వ్ ఎంత కిందికి వేలాడుతోందన్నది. అడుగున బోల్ట్ ఉన్న సంప్‌కు వాల్వ్ పెడితే బండి మొత్తంలో అన్నిటికన్నా కిందికి దిగేది అదే అవుతుంది. స్పీడ్ బ్రేకర్ మీద దెబ్బ తగిలితే మీట తెరుచుకోదు, ఇత్తడి మెడ విరుగుతుంది, లేదా సంప్ పగులుతుంది. నేల ఎత్తు తక్కువున్న కార్లకు, అడుగున బోల్ట్ ఉన్న మోటార్‌సైకిళ్లకు ఈ పని వద్దు. మీది వెనకవైపు చూస్తున్న బోల్ట్ కాబట్టి ఆ గండం లేదు. కానీ ఎగ్జాస్ట్ పైపు ఎంత దూరంలో ఉందో, అడుగు ప్లాస్టిక్ షీల్డ్ అడ్డు వస్తుందో లేదో వాల్వ్ పొడవు తెలుసుకుని ముందే కొలుచుకోండి.

ఇక మార్చేటప్పుడు ఆయిల్ మొత్తం దిగదు. ఎం14 రంధ్రం లోపలి వ్యాసం దాదాపు 12.4 మిల్లీమీటర్లు. అందులో 8 మిల్లీమీటర్ల బోర్ (లోపలి దారి) ఉన్న వాల్వ్ పెడితే దారి విస్తీర్ణం సగానికన్నా తగ్గుతుంది, ధార సన్నబడుతుంది. పక్క గోడకు పెట్టినప్పుడు బోర్ అడుగు అంచు రంధ్రం అంచుకన్నా 2 మిల్లీమీటర్లు పైన ఉంటుంది. సంప్ అడుగు వెడల్పు 20 సెంటీమీటర్లు, పొడవు 25 సెంటీమీటర్లు అనుకుంటే, అక్కడ అదనంగా నిలిచేది 100 మిల్లీలీటర్ల చిల్లర. మీ 3.6 లీటర్లలో 3 శాతం. బోల్ట్ తీసినా ఇంజన్ పైభాగమైన హెడ్‌లో, ఆయిల్ దారుల్లో కొంత పాతది ఉండనే ఉంటుంది కాబట్టి దీన్ని పెద్ద లోపమనను. అయితే నీళ్లు కలిసి ఆయిల్ పాల రంగుకు తిరిగినా, మడ్డి పేరుకున్నా వాల్వ్ ఊడదీసే దించాలి. ఇంకో మాట: మీ పాత బోల్ట్ చివర ఇనుప రజను పట్టే అయస్కాంతం ఉంటే వాల్వ్‌తో అది పోయినట్టే.

నాలుగుచక్రాలు:
లెక్క బాగుంది, థాంక్సండీ. బోల్ట్‌కు మాన్యువల్‌లో 39 న్యూటన్ మీటర్ల బిగువు (టార్క్) ఇచ్చారు. వాల్వ్‌కూ అంతేనా? మరకు టెఫ్లాన్ టేప్ చుట్టాలా?

గ్రీజుచేతులు:
రెండూ వద్దు. 39 అనేది ఉక్కు బోల్ట్‌కు. ఇత్తడి వాల్వ్ మధ్యలో బోలు కాబట్టి మెడ దగ్గర తేలిగ్గా తెగుతుంది. వాల్వ్‌తో వచ్చిన కాగితంలో రాసిన బిగువే పాటించండి, అది మామూలుగా తక్కువే ఉంటుంది. ఇక్కడ ఆయిల్‌ను ఆపేది మర కాదు, వాషర్. టేప్ ముక్క తెగి లోపల పడితే పంపు జాలీకి అడ్డం పడుతుంది.

బిగించే ముందు సంప్ ముఖం చేత్తో తడమండి. పాత వాషర్ అక్కడే అతుక్కుని ఉండటం మామూలే. దాని మీదే కొత్తది వేస్తే ఎంత బిగించినా కారుతుంది. గుడ్డతో నూనె తుడిచి, వాల్వ్‌తో ఇచ్చిన వాషరే వేసి, చేత్తో చివరిదాకా ఎక్కించాక పానా పట్టండి. అప్పుడు మీట ఎటు తిరిగి ఆగిందో చూడండి. బండి ముందుకు పోతున్నప్పుడు ఏదైనా తగిలితే మీట మూసుకునే వైపుకే నెట్టబడాలి. తెరుచుకునే వైపుకు ఆగితే మందం తేడా ఉన్న వాషర్‌తో సరిచేయండి. ఇంకాస్త తిప్పితే సరిపోతుందని బలం పెట్టకండి.

పక్క గోడ బోల్ట్‌కు గొట్టం మూతి ఉన్న వాల్వే కొనండి. మూతి లేనిదైతే మొదటి ధార పళ్లెం దాటి దూకుతుంది. గొట్టం నూనెకు తట్టుకునే నైట్రైల్ రబ్బరుదై ఉండాలి, మామూలు ప్లాస్టిక్ గొట్టం వేడికి మెత్తబడి మూతి నుంచి జారుతుంది. మధ్యలో ఎక్కడా పైకి లేవకుండా కిందికే వాలేట్టు పెట్టండి. క్యాన్ మూతిలో గొట్టం బిర్రుగా ఇరుక్కుంటే లోపలి గాలికి దారిలేక ధార ఆగిపోతుంది.

ఇంజన్ మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపి, పైన ఆయిల్ మూత తీసి వాల్వ్ తెరవండి. బోల్ట్‌తో అయితే పది నిమిషాల్లో అయ్యే పనికి ఇరవై ఇవ్వండి. కొత్త ఆయిల్ పోసే ముందు వాల్వ్ మూశారో లేదో చూసుకోండి. నవ్వుతారు గానీ, ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. గొట్టం క్యాన్‌లోనే ఉంటే పోసిన కొత్త ఆయిల్ చప్పుడు లేకుండా పాతదాంట్లో కలుస్తుంది. పోసేటప్పుడు కూడా 3.6 ఒకేసారి వద్దు. 3.3 పోసి, ఇంజన్ ఒక నిమిషం నడిపి, ఐదు నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) చూస్తూ మిగతాది చేర్చండి. అడుగున పాతది కొంత ఉంది కదా.

ఫిల్టర్ పనికి వాల్వ్ ఏమీ సాయపడదు. అది బండి కింద ఉంటే ఎలాగూ స్టాండ్ల మీద ఎత్తాలి. ఒక్క జాకీని నమ్ముకుని కిందికి దూరొద్దు.

సంప్‌కింద_చూడు:
పై మాటలకు ఒక చేర్పు. కొన్నాళ్లకు వాల్వ్ మూతి దగ్గర చుక్క కనిపిస్తే వెంటనే వాల్వ్‌ను తిట్టకండి. అన్నిటికన్నా కిందున్న భాగం కాబట్టి పైన ఫిల్టర్ దగ్గరో, ఇంజన్ పై మూత (వాల్వ్ కవర్) గాస్కెట్ దగ్గరో కారిన నూనె కూడా జారి అక్కడికే చేరుతుంది. పొడిగా తుడిచి, రాత్రంతా ఉంచి, పొద్దున టిష్యూ కాగితంతో వేర్వేరుగా అద్దండి. మూతి లోపల తడి ఉంటే బాల్ సీల్ అరిగింది, వాల్వ్ మార్చాలి. వాషర్ చుట్టూ తడి ఉంటే వాషర్ మారిస్తే సరి. పైభాగం తడిసి కిందికి చార కనిపిస్తే తప్పు వేరేచోట ఉంది.

పానా_14:
మొదటిసారి విప్పేటప్పుడు అది ఇంజన్ డ్రైన్ బోల్టో, గేర్‌బాక్స్‌దో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. కొన్ని బండ్లలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. గేర్ ఆయిల్ దించేసి, ఇంజన్‌లో పాతదాని మీదే కొత్తది పోసినవాళ్లు లేకపోలేదు.