వీడియో ఫుల్ స్క్రీన్ చేస్తే చాలు బ్రౌజర్ మూసుకుపోతోంది, ఏం చేయాలి?

పది రోజులుగా నా ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ దానంతటదే మూసుకుపోతోంది. ఎర్రర్ మెసేజ్ ఏమీ రాదు, స్క్రీన్ ఒక్క క్షణం తెల్లబడి డెస్క్‌టాప్ కనిపిస్తుంది, అంతే. మళ్లీ తెరిస్తే పాత పేజీలు తెరవమంటారా అని అమాయకంగా అడుగుతుంది. సగం నింపిన ఫారం రెండుసార్లు పోయింది, ఏడుపొక్కటే తక్కువ.

క్యాష్, కుకీలు క్లియర్ చేశా, ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపేశా, ఇన్‌కాగ్నిటోలోనూ చూశా, కాబట్టి దయచేసి మళ్లీ అవే చెప్పకండి. అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేశా కూడా, కానీ తెరవగానే పాత సెట్టింగ్స్ అన్నీ అలాగే ఉన్నాయి, అంటే ప్రొఫైల్ ఫోల్డర్ (బ్రౌజర్ నా సెట్టింగ్స్, డేటా దాచుకునే చోటు) చెరిగిపోలేదన్నమాట. ర్యామ్ 8 జీబీ. టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకుని చూస్తే క్రాష్ అయ్యే ముందు వాడకం 60 శాతం కూడా లేదు.

ఒకటి గమనించా. వీడియో నడుస్తుండగా ఫుల్ స్క్రీన్ చేసినా, విండోను రెండో మానిటర్ మీదికి లాగినా దాదాపు ప్రతిసారీ పడిపోతోంది (ఫారం పోయిన రెండుసార్లూ నేను చేసిన ఘనకార్యం అదే). ఉత్త టెక్స్ట్ పేజీలైతే గంటలకొద్దీ బాగానే ఉంటోంది. హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (వీడియో పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించే సెట్టింగ్) ఆపేశాక రెండు రోజులుగా క్రాష్ లేదు గానీ, వీడియో పనంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాన్ ఒకటే హోరు.

నా అనుమానం గ్రాఫిక్స్ డ్రైవర్ (ఆ చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) మీదే. కొత్తది వేయాలా, పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లాలా? లేక ముందు కొత్త ప్రొఫైల్‌తో చూడమంటారా? క్రాష్ రిపోర్టులో ఏ లైన్ చూస్తే తప్పు డ్రైవర్‌దో బ్రౌజర్‌దో తెలుస్తుందో ఎవరైనా చెప్పండి.