తెల్లదొర, నేటివు ఆడది ఒకే ఇంట్లో: కథల్లో ఆ కాపురం ఎందుకు నిలవదు?

పాతపుస్తకాలు:
కిప్లింగ్ 1890లో రాసిన ‘వితవుట్ బెనిఫిట్ ఆఫ్ క్లెర్జీ’ కథ మళ్లీ చదివాను. హోల్డెన్ అనే ఇంగ్లీషు ఉద్యోగి, అమీరా అనే ముస్లిం పిల్ల గుట్టుగా కాపురం పెడతారు. పిల్లాడు జ్వరంతో పోతాడు, తల్లి కలరాతో. ఆఖరికి ఆ ఇల్లు కూడా పడగొట్టిస్తానంటాడు ఇంటి ఓనరు. కాపురం నిలబడితే తెల్లదొరల క్లబ్బులో జవాబు చెప్పుకోవాలి కదా, అందుకే రచయితే ఊడ్చేశాడని నా అనుమానం. కాదంటారా?

నైట్‌షిఫ్ట్ రీడర్:
కాదనే అంటాను. ఊడ్చేద్దామనుకున్నవాడు డాబా మీది రాత్రి అలా రాయడండీ. చంటాణ్ణి ఎత్తుకెళ్లి చుక్కలు లెక్కపెడుతుంటారు. చిలకను చూసి వాడికి తోతా అని పేరు పెట్టుకుంటారు. ఇంత దగ్గరగా చూసినవాణ్ణి సర్కారు బంటు అని తోసేస్తే ఎలా?

పాతపుస్తకాలు:
ఆ అమీరాని తల్లికి డబ్బిచ్చి తెచ్చుకున్నాడు కదండీ. అది పక్కనపెట్టి నేను చుక్కలు చూడలేను.

కోఠీ కుర్రాడు:
మా హైదరాబాద్ సంగతి వినండి. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంటు, కిర్క్‌పాట్రిక్ 1800 ప్రాంతంలో ఖైరున్నీసాని పెళ్లాడాడు, అందుకోసం మతం మారాడు. ఆయన కట్టించిన రెసిడెన్సీ కోఠీలో ఇప్పటికీ ఉంది. అయితే కంపెనీ 1791లోనే మిశ్రమ సంతానానికి పెద్ద కొలువులు మూసేసింది. వీళ్ల పిల్లలిద్దరినీ 1805లో ఇంగ్లాండు పంపేశారు, తల్లి మళ్లీ వాళ్లను చూడలేదు. అంటే కాపురం కూల్చడానికి రూల్సు చాలు. తప్పంతా కలరా మీదకి నెట్టడమే నాకు మింగుడుపడదు.

గోదారిగట్టు:
ఆర్వెల్ ‘బర్మీస్ డేస్’ (1934)లో కలరా లేదు. ఫ్లోరీ అనే తెల్లదొర ‘మా హ్లా మే’ అనే బర్మా పిల్లని 300 రూపాయలకు కొంటాడు, తెల్లపిల్ల ఊళ్లో దిగగానే గెంటేస్తాడు. ఆమె చర్చిలోకొచ్చి అందరి ముందూ కడిగేస్తుంది. రేటు దాచకుండా రాశాడు, మెచ్చుకోవాలి. కానీ ఆమెకి దొరసాని హోదా తప్ప ఇంకేం అక్కర్లేదన్నట్టు తేల్చేశాడు.

ఇంకో మాట. రంగూన్ రేవులో మూటలు మోసింది మన కోరంగీలు, అంటే అక్కడికి వలసపోయిన తెలుగు కూలీలు. వాళ్లు సమ్మె కడితే రేవు కంపెనీలు బర్మావాళ్లని పనిలో దింపి, రాజీ కుదిరాక వాళ్లను పొమ్మన్నాయి. దాంతో 1930 మేలో రెండు వర్గాల మధ్య నెత్తురు పారింది. ఈ రెండు జాతుల కూలీలు పక్కపక్కన ఎలా బతికారో ఈ నవలకి పట్టలేదు. దాని గొడవంతా క్లబ్బులో ఒక్క నేటివుని చేర్చుకోవాలా వద్దా అన్నదే.

నైట్‌షిఫ్ట్ రీడర్:
ఆర్వెల్ 1927లోనే బర్మా వదిలేశాడు కదండీ, 1930 గొడవ ఎలా రాస్తాడు?

గోదారిగట్టు:
కోరంగీలు 1930లో దిగినవాళ్లు కాదుగా! రంగూన్ పక్కనే సిరియంలో పోలీసు ఆఫీసరుగా చేశాడాయన. చూడక వదిలేసింది కాదు.